గండుపిల్లి, కోడిపుంజు, హార్మోను

పిల్లికూన ఇంట్లో ఆడుకుంటున్నంత కాలం అది మగదో ఆడదో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మగదైతే ఆరేడు నెలలు నిండేసరికి దాని తీరే మారిపోతుంది. పగలంతా నిద్ర, రాత్రయితే కాలుగాలిన పిల్లి అనే మాటను నిజం చేస్తూ గోడలమీదా, కప్పులమీదా తిరుగుడు. గొంతు బొంగురు పోతుంది. దవడలు బలిసి ముఖం వెడల్పవుతుంది. తోక నిటారుగా ఎత్తి తలుపు మూలలమీదా, బియ్యపు బస్తాలమీదా మూత్రం చిమ్ముతుంది. ఆ వాసన కడిగినా త్వరగా పోదు. వీధిలోని ఇతర మగపిల్లులతో పోట్లాడి చెవులు చించుకుని, ముఖాన గాట్లతో ఇంటికి చేరుతుంది. ఇట్టి పిల్లినే మన వారు గండుపిల్లి అన్నారు.

ఇలాంటి మార్పు రాకముందే కూనను పశువైద్యుని వద్దకు తీసుకుపోతే ఆయన మత్తుమందిచ్చి, కొద్ది నిమిషాలలో ఒక చిన్న శస్త్రచికిత్స చేసి పంపుతాడు. ఆ చికిత్సలో తీసివేసేవి శనగగింజలంతటి రెండు వృషణాలు మాత్రమే. ఐనా తరవాత ఆ పిల్లి దవడలు అంతగా బలియవు. గొంతు మారదు. మూత్రపు వాసన ఘాటెక్కదు. తిరుగుడూ, పోట్లాటలూ చాలావరకు కనబడవు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. తోక కింద ఉన్న రెండు చిన్న అవయవాలకూ, తలలో ఉన్న దవడకూ, కంఠంలో ఉన్న గొంతుకూ, మూత్రంలో ఉన్న వాసనకూ ఏమి సంబంధం? ఒకచోట కత్తి పెడితే అంతంత దూరాన మార్పు రావడం ఎట్లా? ఈ శస్త్రచికిత్స మనిషికి కొన్ని వేల ఏండ్లుగా తెలుసు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం గడచిన రెండు వందల సంవత్సరాలలోనే దొరికింది. ఆ జవాబు తెలిసిన తరవాత, అదే పాత పనిని మనం చేసే పద్ధతీ, చేసే కాలమూ, చేసే ఉద్దేశమూ కూడా మారిపోయాయి. ఆ కథే ఇది.

పని తెలుసు, కారణం తెలియదు

పశుపాలన మొదలైన నాటినుంచీ రైతుకు ఒక సంగతి అనుభవంలో ఉంది. కోడెదూడను అట్లాగే పెరగనిస్తే అది ఆంబోతు అవుతుంది. దానిని కాడికి కట్టి దున్నడం కష్టం. వృషణాలను పనికిరాకుండా చేస్తే అదే కోడె సాధువైన ఎద్దు అవుతుంది. తెలుగునాట ఈ పనిని విత్తులు కొట్టడం అంటారు. ఆ పేరులోనే పాత పద్ధతి దాగి ఉంది. రెండు కర్రల నడుమ నొక్కిపెట్టి నలగగొట్టేవారు. కత్తి గాటు లేదు గనుక నెత్తురు కారదు. కాని ఆ పశువు పడే బాధ ఇంతా అంతా కాదు. మన వ్యవసాయమంతా శతాబ్దాల తరబడి ఈ ఎద్దుల మెడలమీదనే నడిచింది.

పశువులలో కనబడే ఈ మార్పులను శ్రద్ధగా గమనించి రాసిపెట్టిన తొలి పండితులలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ముఖ్యుడు. క్రీ.పూ. 384 నుంచి 322 వరకు జీవించిన ఈయన జంతువుల చరిత్రను గురించిన తన గ్రంథంలో ఈ విషయాన్ని ప్రస్తావించాడు. కోడిపుంజుకు బీజాలు పోగొడితే దాని తలమీది ఎర్రని జుట్టు పాలిపోతుందనీ, అది కూత మానివేస్తుందనీ రాశాడు. చిన్నవయసులోనే ఆ పని జరిగితే మగలక్షణాలు అసలే రావనీ, బాలుర విషయంలో గొంతు మారదనీ, మీసం గడ్డం మొలవవనీ గుర్తించాడు. పిన్నవయసులో విత్తు కొట్టిన జంతువులు మామూలువాటికంటె పొడుగ్గా పెరుగుతాయని కూడా చెప్పాడు.

ఈ చివరిమాట ఎంత నిజమో ఈనాడు ఎక్స్‌రే చిత్రాలు చెబుతున్నాయి. పొడుగాటి ఎముకల కొసలలో మృదులాస్థి పలకలుంటాయి. అవి పనిచేస్తున్నంతకాలం ఎముక పొడుగు పెరుగుతుంది. యౌవనం వచ్చిన తరవాత అవి గట్టిపడి మూసుకుపోతాయి. వృషణాలు లేని జంతువులో అవి మూసుకోవడం ఆలస్యమవుతుంది. చిన్నతనంలోనే శస్త్రచికిత్స జరిగిన పిల్లులలోనూ ఇదే కనబడింది. శస్త్రచికిత్స వల్ల పిల్లి గిడసబారిపోతుందని భయపడేవారు రెండువేల మూడువందల ఏండ్లనాటి ఈ పరిశీలనను గుర్తుంచుకోవాలి.

ఇంత చక్కగా గమనించినా కారణం మాత్రం అరిస్టాటిల్‌కు అందలేదు. ఆయన తరవాత ఎన్నో శతాబ్దాలపాటు ఎవరికీ అందలేదు. శరీరంలో ఒక భాగం మరొక భాగాన్ని శాసించాలంటే నాడుల ద్వారానే సాధ్యమని తరవాతి వైద్యులు చాలాకాలం భావించారు. వృషణాల నుంచి నాడులు మెదడుకు ఏదో సమాచారం పంపుతున్నాయనీ, అవి తెగిపోవడం వల్లనే మార్పులు వస్తున్నాయనీ ఊహించడం సహజమే. ఊహ సరియైనదో కాదో తేల్చడానికి ప్రయోగం కావాలి.

ఆరు కోడిపుంజులు

ఆ ప్రయోగం జర్మనీలోని గొట్టింగెన్ నగరంలో జరిగింది. చేసినవాడు ఆర్నాల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్. 1803లో పుట్టిన ఈయన ఆ నగరపు విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధించే ఆచార్యుడు. అక్కడి జంతు ప్రదర్శనశాలలోని సేకరణలను కూడా చూసుకునేవాడు.

1848 ఆగస్టు 2వ తేదీన బెర్తోల్డ్ ఆరు పడుచు కోడిపుంజులను తీసుకున్నాడు. వాటిలో మూడింటికి రెండు నెలల వయసు, మూడింటికి మూడు నెలల వయసు. కోడిపుంజునే ఎందుకు తీసుకున్నాడో విద్యార్థులు ఆలోచించాలి. పుంజు మగలక్షణాలన్నీ బయటికి కనబడేవే. ఎర్రని జుట్టు, మెడకింద వేలాడే తోలు, కూత, పందెపు కోపం, పెట్ట వెంట పడడం. మార్పు వస్తే దానిని చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. కళ్ళూ చెవులూ చాలు.

ఆ ఆరింటినీ ఆయన రెండేసి చొప్పున మూడు జతలుగా విభజించాడు. మొదటి జతకు రెండు వృషణాలనూ పూర్తిగా తీసివేశాడు. రెండవ జతకు ఒక వృషణాన్ని తీసివేసి, రెండవదానిని దాని స్థానం నుంచి విడదీసి కడుపులోనే వదిలివేశాడు. మూడవ జతకు రెండింటినీ తీసివేసి, ఒక పుంజు వృషణాన్ని రెండవ పుంజు ప్రేవుల మధ్య, దానిది దీని ప్రేవుల మధ్య ఉంచాడు.

కొన్ని నెలలు గడిచాయి. మొదటి జత పుంజులు మెత్తబడిపోయాయి. జుట్టు పాలిపోయి చిన్నదిగానే ఉండిపోయింది. గొంతు మారలేదు. పోట్లాటకు దిగినా అది నామమాత్రమే. తక్కిన నాలుగు పుంజులూ పూర్తి పుంజులుగానే పెరిగాయి. గట్టిగా కూశాయి, తమలో తాము పోట్లాడుకున్నాయి, పెట్టల వెంట పడ్డాయి. వాటి జుట్టూ మెడతోలూ ఎర్రగా నిండుగా పెరిగాయి.

తరవాత బెర్తోల్డ్ వాటిని కోసి చూశాడు. ప్రేవుల మధ్య ఉంచిన వృషణాలు అక్కడే అంటుకుని బతికి ఉన్నాయి. వాటిలోకి కొత్త రక్తనాళాలు వచ్చి చేరాయి. పాత నాడులతో మాత్రం సంబంధం ఎప్పుడో తెగిపోయింది. ఇక్కడే ఆయన తర్కం పదును కనబడుతుంది. నాడులే కారణమైతే, నాడులు తెగిన నాలుగు పుంజులు కూడా మొదటి రెండింటిలాగే మెత్తబడి ఉండాలి. అట్లా జరగలేదు. కనుక కారణం నాడులు కావు. మిగిలినది రక్తమొక్కటే. వృషణాలు రక్తంలోకి ఏదో చేరుస్తున్నాయి, ఆ రక్తం శరీరమంతటా తిరిగి అన్ని భాగాలమీదా పనిచేస్తున్నది అని ఆయన నిర్ణయించాడు.

1849లో అచ్చయిన ఆ వ్యాసం నాలుగైదు పుటలకు మించదు. వినాళ గ్రంథుల శాస్త్రానికి తొలి ప్రయోగం ఇదేనని ఈనాడు ఎందరో శాస్త్రజ్ఞులు అంగీకరిస్తారు. బెర్తోల్డ్‌కు ముందే, 18వ శతాబ్దిలో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ కోడి వృషణాన్ని మరొక కోడి కడుపులో అంటు వేశాడు. అంటు వేసిన అవయవం బతుకుతుందా లేదా అన్నదే ఆయన ప్రశ్న. బతికిన అవయవం శరీరాన్ని ఏమి చేస్తుందన్నది బెర్తోల్డ్ ప్రశ్న. చేతిపని ఒకటే, అడిగిన ప్రశ్న వేరు. అందుకే దొరికిన జవాబూ వేరు.

విచిత్రమేమంటే ఈ వ్యాసాన్ని లోకం పట్టించుకోలేదు. బెర్తోల్డ్ కూడా ఆ దారిని మళ్ళీ తొక్కలేదు. ఆయన 1861లో మరణించాడు. రక్తంలో చేరుతున్న ఆ పదార్థం ఏమిటన్న ప్రశ్న మరొక నలభై ఏండ్లు నిద్రపోయింది.

నీటిలో కరగని రహస్యం

ఆ ప్రశ్నను లోకానికి మళ్ళీ గుర్తుచేసినవాడు షార్ల్ ఎడ్వర్ బ్రౌన్-సెకార్. 1817లో మారిషస్ దీవిలో పుట్టి, పారిస్‌లో ఆచార్యుడైన ఈయన తన కాలపు శరీరధర్మ శాస్త్రజ్ఞులలో పేరెన్నిక గన్నవాడు. 1889 జూన్ 1వ తేదీన పారిస్ జీవశాస్త్ర సంఘం సమావేశంలో ఆయన ఒక ఆశ్చర్యకరమైన ప్రకటన చేశాడు. కుక్కల వృషణాలనూ, గినీపందుల వృషణాలనూ నూరి, నీటితో రసం తీసి, తన శరీరంలోకే సూదిమందుగా ఎక్కించుకున్నాడట. అప్పటికి ఆయన వయసు 72. పోయిన బలం తిరిగి వచ్చిందనీ, మెట్లు సునాయాసంగా ఎక్కగలుగుతున్నాననీ చెప్పాడు.

పత్రికలు ఆ వార్తను ఎగరేసుకుపోయాయి. యూరపులోనూ అమెరికాలోనూ యౌవనాన్ని తిరిగి తెచ్చే మందుల వ్యాపారం మొదలైంది. నిజానికి ఆ రసంలో బలమేమీ లేదు. వృషణాలు తయారుచేసే పదార్థం కొవ్వులో కరిగే జాతికి చెందినది. నీటిలో దాదాపు కరగదు. పైగా వృషణాలు దానిని తయారుచేసి వెంటనే రక్తంలోకి వదిలివేస్తాయేగాని నిలవ ఉంచుకోవు. 2002లో ఆస్ట్రేలియాలో కొందరు వైద్యులు బ్రౌన్-సెకార్ పద్ధతిలోనే రసం తీసి కొలిచి చూశారు. శరీరంమీద ప్రభావం చూపగల మోతాదులో వందోవంతు కూడా అందులో లేదని తేలింది. ఆ వృద్ధ శాస్త్రజ్ఞునికి వచ్చిన బలం నమ్మకం వల్ల వచ్చిన బలమే.

బెర్తోల్డ్, బ్రౌన్-సెకార్‌ల ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే విద్యార్థికి గొప్ప పాఠం దొరుకుతుంది. బెర్తోల్డ్ పుంజులకు తాము ఏ జతలో ఉన్నామో తెలియదు. వాటి జుట్టు ఆశపడి ఎర్రబడదు. పైగా పోల్చి చూడడానికి వృషణాలు లేని జత పక్కనే ఉంది. బ్రౌన్-సెకార్ తానే ప్రయోగకర్త, తానే ప్రయోగపు జంతువు, తానే సాక్షి. పిల్లికి ఎలుక సాక్ష్యం అన్నట్లయింది. ఐతే ఒక మేలు జరిగింది. ఈ గొడవ వల్ల చాలామంది యువ శాస్త్రజ్ఞుల దృష్టి ఆ వైపు మళ్ళింది.

1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు, చిన్నప్రేవు నుంచి రక్తంలోకి చేరి క్లోమాన్ని పనిచేయించే ఒక పదార్థం ఉన్నదని నిరూపించారు. అట్టి రాయబారి పదార్థాలన్నిటికీ కలిపి స్టార్లింగ్ 1905లో హార్మోను అనే పేరు వాడాడు. ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు మాటనుంచి వచ్చిన పేరది. బెర్తోల్డ్ అర్ధశతాబ్ది కిందట చెప్పిన సంగతికి అప్పుడు ఒక పేరు దొరికింది.

పేరు దొరికినంత మాత్రాన పదార్థం చేతికి రాదు. 1927లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కాక్, ఆయన శిష్యుడు లెమ్యూల్ మెక్‌గీ సుమారు 40 పౌన్ల ఎద్దు వృషణాలనుంచి, కొవ్వులను కరిగించగల ద్రావకాలతో, 20 మిల్లీగ్రాముల సారం తీశారు. అది పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? ఇక్కడ మళ్ళీ బెర్తోల్డ్ కోడిపుంజే తోడయింది. వృషణాలు తీసిన పుంజుకు ఆ సారాన్ని సూదిమందుగా ఇస్తే పాలిపోయిన జుట్టు మళ్ళీ ఎర్రబడి పెరిగింది. ఆనాటినుంచి ప్రయోగశాలలలో పుంజు జుట్టే కొలబద్ద అయింది. జుట్టు ఎంత పెరిగితే మందు అంత బలమైనదన్న మాట.

1931లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బుటెనాంట్ సుమారు 15,000 లీటర్ల మగవారి మూత్రంనుంచి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టిరోన్ అనే హార్మోనును వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఎర్నెస్ట్ లాకూర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాలనుంచి 10 మిల్లీగ్రాముల అసలు పదార్థాన్ని తీసి, దానికి టెస్టోస్టిరోన్ అని పేరు పెట్టింది. అదే సంవత్సరం బుటెనాంట్ ఒకవైపూ, స్విట్జర్లాండులో లియోపోల్డ్ రుజిచ్కా మరొకవైపూ దానిని కొలెస్టరాల్ నుంచి కృత్రిమంగా తయారుచేశారు. 1939 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఈ ఇద్దరికీ కలిపి ప్రకటించారు. నాజీ ప్రభుత్వం బలవంతం వల్ల బుటెనాంట్ దానిని నిరాకరించవలసి వచ్చింది. బహుమతి పత్రమూ, పతకమూ ఆయనకు యుద్ధం ముగిసిన తరవాత 1949లో అందాయి.

మళ్ళీ పిల్లి దగ్గరకు

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. కూనకు ఐదారు నెలల వయసు వచ్చేసరికి దాని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి వృషణాలకు రక్తం ద్వారా ఆజ్ఞలు పంపడం పెంచుతుంది. వృషణాలు టెస్టోస్టిరోన్‌ను రక్తంలోకి వదులుతాయి. రక్తం పోని చోటు శరీరంలో లేదు. కనుక ఆ పదార్థం దవడమీది చర్మానికీ, కంఠానికీ, ఎముకలకూ, మూత్రపిండాలకూ, మెదడుకూ చేరుతుంది. ఆ పదార్థాన్ని గుర్తించగల కణాలు ఎక్కడ ఉంటే అక్కడ మార్పు వస్తుంది. కోడిపుంజుకు జుట్టు ఎట్లాగో గండుపిల్లికి బలిసిన దవడలు అట్లాగు.

మూత్రపు వాసన సంగతి ఇంకా విచిత్రమైనది. 1953లో శాస్త్రజ్ఞుడు ఆర్. జి. వెస్టాల్ పిల్లి మూత్రంలో గంధకం ఉన్న ఒక ఎమైనో ఆమ్లాన్ని కనిపెట్టాడు. పిల్లి కుటుంబపు లాటిన్ పేరునుబట్టి దానికి ఫెలినీన్ అని పేరు వచ్చింది. ఫెలినీన్‌కు స్వయంగా వాసన లేదు. గాలి తగిలి అది విరిగినప్పుడు గంధకపు వాయువులు వెలువడతాయి. గండుపిల్లి వాసన అదే. 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు మసావో మియజాకీ బృందం, పిల్లి మూత్రపిండం కాక్సిన్ అనే ఒక ప్రత్యేకమైన మాంసకృత్తును తయారుచేసి మూత్రంలోకి వదులుతుందనీ, ఫెలినీన్ తయారీకి అదే తోడ్పడుతుందనీ చూపింది. వృషణాలున్న మగపిల్లులలో కాక్సిన్ ఎక్కువ, శస్త్రచికిత్స జరిగిన వాటిలో చాలా తక్కువ. వృషణంనుంచి రక్తానికి, రక్తంనుంచి మూత్రపిండానికి, అక్కడనుంచి మన తలుపు మూలకు ఈ గొలుసు ఇట్లా సాగుతుంది. మొదటి లంకెను తీసివేస్తే చివరి లంకె కూడా ఊడిపోతుంది.

ఐతే జంతువు కేవలం హార్మోను ఆడించే బొమ్మ కాదు. 1958లో న్యూయార్క్‌లో జే రోజెన్‌బ్లాట్, లెస్టర్ ఆరన్సన్ మగపిల్లులను పరిశీలించారు. ఆడపిల్లులతో కలిసిన అనుభవం ఉన్న గండుపిల్లులకు శస్త్రచికిత్స చేస్తే, రక్తంలో హార్మోను తగ్గిపోయిన తరవాత కూడా వాటిలో కొన్ని చాలా కాలం పాత అలవాట్లను కొనసాగించాయి. అనుభవం లేనివాటిలో ఆ ప్రవర్తన త్వరగా పోయింది. హార్మోను తలుపు తెరుస్తుంది. ఒకసారి దారి తెలిసిన మెదడుకు తలుపు మూసినా దారి గుర్తుంటుంది.

1973లో కాలిఫోర్నియాలో బెంజమిన్ హార్ట్, ఆర్. ఇ. బారెట్ పెద్దవయసులో శస్త్రచికిత్స జరిగిన 42 గండుపిల్లుల సంగతి సేకరించారు. పోట్లాట, తిరుగుడు, మూత్రం చిమ్మడం, ఈ మూడూ సుమారు పదింట తొమ్మిది పిల్లులలో తగ్గాయి. కొన్నింటిలో వెంటనే తగ్గితే, కొన్నింటిలో నెలలు పట్టింది. చిన్నతనంలోనే శస్త్రచికిత్స జరిగిన మగపిల్లులలో పెద్దయిన తరవాత మూత్రం చిమ్మేవి సుమారు పదింట ఒకటి మాత్రమేనని హార్ట్ 1984లో ప్రకటించిన మరొక పరిశీలనలో తేలింది. కాబట్టి ఈ పని పిల్లి దారి నేర్చుకోకముందే చేయడం మేలు. 2016లో అమెరికాలో పశువైద్య నిపుణుల సంఘమొకటి ఐదు నెలల వయసు దాటకముందే చేయించాలని సిఫారసు చేసింది.

చిన్నతనంలో చేస్తే మూత్రనాళం సన్నబడి తరవాత మూత్రం బిగిస్తుందని ఒకప్పుడు భయపడేవారు. 1972లో ప్రచురించిన ఒక పరిశోధనలో మూత్రనాళాలను కొలిచి చూడగా శస్త్రచికిత్స జరిగిన పిల్లులకూ, జరగనివాటికీ తేడా కనబడలేదు. ఎలుకలు పట్టడం మానివేస్తుందన్న భయమూ ఇట్టిదే. వేట మగలక్షణం కాదు. తల్లిపిల్లి మగపిల్లికి తీసిపోని వేటగత్తె అని అందరికీ తెలుసు. నిజంగా జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటుంది. శస్త్రచికిత్స తరవాత పిల్లికి ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. పాత లెక్కనే పాలూ అన్నమూ మాంసమూ పెడుతూ పోతే స్థూలకాయం వస్తుంది. దానికి బాధ్యత కత్తిది కాదు, గిన్నెది.

నొప్పి సంగతి

ఇంతవరకు చెప్పినదంతా జ్ఞానం కథ. దీనితోపాటు దయ కథ కూడా ఉంది. ఎద్దుల విషయంలో మన పల్లెలలో జరిగినది ఇంతకుముందే చెప్పాం. యూరపు పల్లెలలోనూ పిల్లుల గతి ఇంతకంటె మెరుగ్గా లేదు. పిల్లిని తలకిందులుగా పొడుగాటి బూటులోనో, గోనెసంచిలోనో దూర్చి, వెనుక భాగం మాత్రం బయట ఉంచి, తెలివిగా ఉండగానే కోసివేసేవారు. బూటు పిల్లి రక్షణకోసం కాదు, కోసేవాని చేతులను గోళ్ళనుంచి కాపాడుకోవడానికి.

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ మత్తులో నొప్పి లేని శస్త్రచికిత్సను వైద్యులముందు ప్రదర్శింపజేశాడు. మరుసటి ఏడే జేమ్స్ సింప్సన్ స్కాట్లండులో క్లోరోఫారంను వాడుకలోకి తెచ్చాడు. బెర్తోల్డ్ తన పుంజులను కోసింది సరిగ్గా ఈ కాలంలోనే. మనుషులకు మత్తుమందు త్వరలోనే అలవాటయింది. నోరులేని జంతువులకు అది చేరడానికి చాలాకాలం పట్టింది. పిల్లివంటి చిన్న ప్రాణికి క్లోరోఫారం మోతాదు ఏ కాస్త మించినా ప్రాణాపాయమే. ఈ చిక్కును విప్పడానికి కృషి చేసినవారిలో లండన్ పశువైద్య కళాశాల ఆచార్యుడు ఫ్రెడరిక్ హాబ్డే ఒకడు. 1915లో ఆయన జంతువులకూ పక్షులకూ మత్తు ఇచ్చే విధానాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించాడు. 1962లో అమెరికాలో తయారైన కెటమైన్ అనే మందు కాలక్రమాన పశువైద్యుల చేతికి వచ్చాక పిల్లులకు మత్తు ఇవ్వడం ఎంతో సులువైంది.

ఎద్దుల విషయంలో 20వ శతాబ్ది తొలినాళ్ళలో ఇటలీలో రూపొందిన బర్డిజో పట్టకారు కర్రల స్థానాన్ని ఆక్రమించింది. చర్మం తెగకుండా లోపలి రక్తనాళాలను మాత్రమే అది నలుపుతుంది. మన దేశంలోని పశు వైద్యశాలలకూ ఇది సుపరిచితమే. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువులకు విత్తులు కొట్టడాన్ని నేరంగా పరిగణించలేదు. కాని నిర్ణయించిన పద్ధతిలోనే చేయాలని షరతు పెట్టింది. పని తప్పనిసరి కావచ్చు, దానిలోని హింస తప్పనిసరి కాదు అన్నదే ఆ షరతు సారాంశం.

ఎవరి మేలు కోసం?

ఎద్దుకు విత్తులు కొట్టినది రైతు మేలు కోసం. పుంజు బీజాలు తీసినది మెత్తని మాంసం తినేవారి మేలు కోసం. ఇంట్లో పెరిగే పిల్లి విషయంలో ఈ లెక్క కొంత మారింది. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్ బృందం పిల్లుల రోగనిరోధక శక్తిని నాశనం చేసే ఒక వైరస్‌ను కనిపెట్టింది. మనుషులలో ఎయిడ్స్ తెచ్చే వైరస్‌కు అది దూరపు చుట్టం. మనుషులకు మాత్రం సోకదు. అది ముఖ్యంగా కాటు ద్వారా, ఒక పిల్లి లాలాజలంనుంచి మరొకదానికి చేరుతుంది. అందువల్ల వీధులు తిరిగి పోట్లాడే గండుపిల్లులలోనే అది ఎక్కువ. పోట్లాట తగ్గితే కాటు తగ్గుతుంది. కాటు తగ్గితే ఈ జబ్బూ, చీముగడ్డలూ తగ్గుతాయి. ఇక్కడ మేలు ముందుగా పిల్లిదే.

ఒక సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. వీధిలోని మగపిల్లులలో కొన్నింటికి శస్త్రచికిత్స చేసినంత మాత్రాన పిల్లుల సంతతి తగ్గదు. మిగిలిన ఒక్క గండుపిల్లి చాలు, ఆ వీధిలోని ఆడపిల్లులన్నీ తొమ్మిది వారాలలో ఈనడానికి. సంతతి తగ్గాలంటే ఆడపిల్లులకూ చేయించాలి. శస్త్రచికిత్స జరిగిన మగపిల్లినైనా వెంటనే విడిచిపెట్టరాదు. లోపలి నాళాలలో మిగిలిన బీజకణాలు కొన్ని వారాలవరకు సజీవంగా ఉండవచ్చు.

ఉపాధ్యాయులు వినాళ గ్రంథుల పాఠం చెప్పేటప్పుడు పేర్ల పట్టికతో మొదలుపెడితే విద్యార్థులకు అది కంఠపాఠమే అవుతుంది. దానికి బదులు బెర్తోల్డ్ మూడు జతల పుంజులను నల్లబల్లమీద గీసి, ఏ జత కూస్తుందో, ఏది కూయదో, ఎందుకో చెప్పమని అడగవచ్చు. రెండవ జతా మూడవ జతా లేకపోతే ఏమి తెలియకుండా పోయేదో అడగవచ్చు. ఆ ప్రశ్నకు తానుగా జవాబు చెప్పగలిగిన విద్యార్థికి హార్మోను అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వీధిలో చెవి చిరిగిన గండుపిల్లి కనబడినప్పుడు దాని రక్తంలో ఏమి ప్రవహిస్తున్నదో కూడా అతడు ఊహించగలడు.